శాఖాపరమైన చర్య

పోలీసుల మీద ఆరోపణ వచ్చిన వార్తలు చాలావరకు ఒకే వాక్యంతో ముగుస్తాయి. 'బాధ్యులపై శాఖాపరమైన చర్యలు తీసుకుంటామని అధికారులు తెలిపారు.' సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నాకు వాక్యాల మీద కాస్త పట్టింపు ఎక్కువ. ఈ వాక్యంలో బాధ్యులెవరో తెలియదు. చర్య ఏమిటో తెలియదు. ఎప్పుడు తీసుకుంటారో, తీసుకున్నాక ఎవరికి చెప్తారో తెలియదు. తెలిసేదల్లా ఒక్కటే, అది 'శాఖాపరమైనది'. అంటే మనది కాదు, వాళ్ళది. ఇంటి గుట్టు లంకకు చేటని, నాలుగ్గోడల మధ్య జరిగింది నాలుగ్గోడల మధ్యే తేల్చుకోవాలని ఆడవాళ్ళకి తరతరాలుగా చెప్తూ వచ్చిన మాటే ఇక్కడ ఖాకీ బట్టలు వేసుకుని నిలబడింది.

అదే వార్తలో ఫిర్యాదు చేసిన స్త్రీ గురించి ఏం తెలుస్తుందో చూడండి. ఆమె వయసు, ఊరు, కులం, పెళ్ళయిందో లేదో, మొగుడు వదిలేశాడా, ఆమే వదిలేసిందా, ఆ వేళప్పుడు అక్కడికి ఎందుకు వెళ్ళింది, ఇంతకు ముందు ఎవరిమీదైనా కేసు పెట్టిందా. పేరు రాయకపోయినా ఊళ్ళో అందరూ ఆమెని గుర్తుపట్టేన్ని వివరాలు ఉంటాయి. ఆమె జీవితం బహిరంగం, అతని ఫైలు రహస్యం. ఈ ఏర్పాటు మనకి ఎంత అలవాటైపోయిందంటే ఇది ఎవరో ఎప్పుడో చేసిన ఏర్పాటని కూడా తోచదు. కానీ దీనికో చరిత్ర ఉంది. తేదీలున్నాయి, చట్టాల సెక్షన్లున్నాయి. ఆ చరిత్రని మన ప్రాంతం నుంచే మొదలుపెట్టి చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

1854 జూలైలో బ్రిటిష్ కామన్స్ సభలో మద్రాసు ప్రెసిడెన్సీ గురించి ఒక చర్చ జరిగింది. శిస్తు వసూలుకోసం కంపెనీ ఉద్యోగులు రైతుల్ని చిత్రహింసలు పెడుతున్నారన్నది ఆరోపణ. దాంతో ఇ.ఎఫ్. ఎలియట్, హెచ్. స్టోక్స్, జె.బి. నార్టన్ అనే ముగ్గురితో మద్రాసులో ఒక విచారణ కమిషన్ ఏర్పడింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే. ఫిర్యాదులున్నవాళ్ళు చెప్పుకోవచ్చని ప్రకటించారు. కొద్ది వ్యవధిలోనే దాదాపు రెండు వేల ఫిర్యాదులు వచ్చాయి. ఎక్కువమంది అర్జీలు రాయించి పంపారు. కొన్ని వందలమంది స్వయంగా మద్రాసుకి వెళ్ళారు. రైళ్ళు లేని కాలంలో అంతంత దూరాలు ప్రయాణం చేశారంటే, వాళ్ళు ఎన్నేళ్ళుగా వినేవాడికోసం ఎదురుచూస్తున్నారో ఊహించుకోవచ్చు.

1855 ఏప్రిల్‌లో వచ్చిన ఆ నివేదికలో నాకు మొదట కళ్ళబడ్డవి రెండు తెలుగు మాటలు. అరవంలో 'కిట్టి' అనే దానికి తెలుగులో 'చీరట' అంటారని, 'అనందాళ్' అనే దానికి 'గింజెరి' అంటారని అందులో ఉంది. ఇంగ్లీషు స్పెల్లింగులో చిక్కుకుపోయిన మాటలివి, అసలు ఉచ్చారణ ఏమిటో మనం జాగ్రత్తగా పోల్చుకోవలసిందే. మొదటిది రెండు కర్రల మధ్య వేళ్ళు పెట్టి బిగించే సాధనం. రెండోది మనిషిని వంచి కట్టిపడేసి ఎండలో గంటల తరబడి ఉంచడం. కళ్ళల్లో మిరప్పొడి కొట్టడం, ఆడా మగా తేడా లేకుండా మర్మాంగాల్లో మిరపకాయలు పెట్టడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మన భాషలో ఏ కావ్యమూ, ఏ శాసనమూ దాచిపెట్టని పదాలు ఒక విచారణ నివేదికలో మిగిలాయి. ఫిర్యాదు చేసినవాళ్ళ నోటినుంచి వచ్చాయి కాబట్టి మిగిలాయి.

అప్పటికి తాలూకాల్లో పోలీసు వేరు, రెవిన్యూ వేరు కాదు. శిస్తు వసూలు చేసే తహసీల్దారే పోలీసు అధికారి కూడా. అతని మీద ఫిర్యాదు చెయ్యాలంటే అతని దగ్గరికే, లేదా అతని పైవాడి దగ్గరికే వెళ్ళాలి. కమిషన్ చేసిన అసలైన పని ఈ గొలుసుని కొంతకాలం తెంచడం. ఫిర్యాదు శాఖ చేతుల్లోంచి బయటికి వచ్చి, ఎవరైనా చదవగలిగే అచ్చుకాగితమైంది. పార్లమెంటు ముందుకు వెళ్ళింది. ఎంత దూరం వెళ్ళిందంటే, 1857 సెప్టెంబరులో న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్ పత్రికలో కార్ల్ మార్క్స్ ఇండియాలో చిత్రహింసల మీద రాసిన వ్యాసానికి ఆధారం ఈ నివేదికే. తెలుగు, తమిళ జిల్లాల రైతుల బాధ రెండేళ్ళలో న్యూయార్కు పాఠకుడికి చేరింది.

అయితే ఈ నివేదికని నెత్తిన పెట్టుకోవలసిన పని లేదు. తప్పంతా నేటివ్ ఉద్యోగులదేనని, తెల్ల అధికారులకి ఇందులో పాత్ర లేదని అది తేల్చింది. అంతకంతా శిస్తు కావాలని పైనుంచి ఒత్తిడి పెట్టినవాళ్ళు నిర్దోషులై, కింద కర్ర బిగించినవాడు ఒక్కడే దోషి అయ్యాడు. ఈ పద్ధతి కూడా మనకి వారసత్వంగా వచ్చింది. ఇప్పటికీ లాకప్‌లో ఏం జరిగినా ముందు సస్పెండయ్యేది కానిస్టేబులో, హోంగార్డో.

దిద్దుబాటు పేరుతో 1859లో మద్రాసు పోలీసు చట్టం, 1861లో దేశమంతటికీ పోలీసు చట్టం వచ్చాయి. రెవిన్యూ నుంచి పోలీసుని విడదీశారు. 1861 చట్టంలో ఏడో సెక్షను చదివితే ఒక మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. విధినిర్వహణలో అశ్రద్ధ చూపినవాడు, అనర్హుడు అని పైఅధికారి భావిస్తే కిందివాణ్ణి తొలగించవచ్చు, సస్పెండ్ చెయ్యవచ్చు, హోదా తగ్గించవచ్చు. చిన్న శిక్షలు కూడా రాశారు: నెల జీతానికి మించకుండా జరిమానా, పదిహేను రోజులకి మించకుండా క్వార్టర్సులో నిర్బంధం, అదనపు డ్రిల్లు. 1855లో తప్పు ఒక రైతుకి, ఒక స్త్రీకి జరిగింది. 1861కి వచ్చేసరికి అదే తప్పు పైఅధికారి పట్ల, డ్యూటీ పట్ల చూపిన అశ్రద్ధగా మారింది. దెబ్బ తిన్న మనిషి ఆ వాక్యంలో ఎక్కడా లేదు. ఇది ఇద్దరి వ్యవహారం అయిపోయింది, యజమానికీ ఉద్యోగికీ మధ్య. 'శాఖాపరమైన చర్య' అనే మాటకి పుట్టిల్లు ఇది.

పదకొండేళ్ళ తర్వాత, 1872లో, సాక్ష్యాధారాల చట్టం వచ్చింది. ఈ చట్టంలో రెండు సెక్షన్లని పక్కపక్కన పెట్టి చదవాలి. 54వ సెక్షను ప్రకారం, ముద్దాయి తనంతట తాను మంచివాణ్ణని రుజువు చేసుకోబోతే తప్ప, అతని చెడునడత క్రిమినల్ కేసులో అప్రస్తుతం. ఇది న్యాయమైన సూత్రమే. మనిషిని అతని పాత పేరుని బట్టి కాకుండా ఈ నేరాన్ని బట్టి విచారించాలి. కానీ అదే చట్టం 155వ సెక్షను నాలుగో క్లాజు ఏమంది? అత్యాచారం కేసులో ఫిర్యాదు చేసిన స్త్రీ సాధారణంగా దుర్నడత కలిగినదని చూపించి ఆమె సాక్ష్యాన్ని కొట్టివేయవచ్చు. ముద్దాయి గతం అప్రస్తుతం, బాధితురాలి గతం సాక్ష్యం. ఒకే చట్టం, ఒకే కలం. ఈ నాలుగో క్లాజుని తీసెయ్యడానికి 2002 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. నూట ముప్పై ఏళ్ళు!

ముద్దాయి పోలీసైతే ఈ రెండు సెక్షన్ల పని రెట్టింపవుతుంది. ఎందుకంటే ఆమె గతాన్ని తవ్వి తెచ్చేదీ పోలీసులే, అతని గతం ఉన్న ఫైలుని కప్పిపెట్టేదీ పోలీసులే.

1978 దీనికి ఉదాహరణ. ఆ మార్చి నెలాఖరులో హైదరాబాదులో సినిమా చూసి తిరిగొస్తున్న ఒక జంటని నల్లకుంట పోలీసులు పట్టుకున్నారు. భర్త రిక్షా కార్మికుడు. భార్యపై స్టేషన్లో పోలీసులు అత్యాచారం చేశారని, అడిగిన భర్తని కొట్టారని, ఆ దెబ్బలకి అతను చనిపోయాడని ఆరోపణ. జనం స్టేషను మీదికి కదిలారు. కాల్పులు, కర్ఫ్యూ. ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్‌తో విచారణ కమిషన్ వేసింది. కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదన ప్రధానంగా ఆమె శీలం మీదే నడిచింది. ఆమె ఎన్ని పెళ్ళిళ్ళు చేసుకుంది, ఈ పెళ్ళి అసలు చెల్లుతుందా, ఆమె వ్యభిచారం చేసేదా, ఇవన్నీ రికార్డుకెక్కాయి. అయినా కమిషన్ పోలీసుల్ని దోషులుగా తేల్చింది. తర్వాత క్రిమినల్ కేసు రాష్ట్రం దాటి కర్ణాటకలోని రాయచూరు కోర్టుకి బదిలీ అయింది. 1981లో పోలీసులందరూ నిర్దోషులుగా బయటపడ్డారు.

అదే 1978 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మథుర కేసులో తీర్పు చెప్పింది. 1972లో మహారాష్ట్రలోని దేశాయిగంజ్ పోలీసు స్టేషన్లో ఒక ఆదివాసీ బాలికపై జరిగిన దానికి బొంబాయి హైకోర్టు వేసిన శిక్షని కొట్టేసింది. ఆమె ఒంటిమీద గాయాల్లేవు కాబట్టి ప్రతిఘటించలేదంది. మరుసటేడు ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ రాసిన బహిరంగ లేఖ, దానివెంట వచ్చిన ఉద్యమం, 1983లో కస్టడీ అత్యాచారాల మీద చట్ట సవరణ, ఇవన్నీ ఈ పత్రిక పాఠకులకి కొత్తవి కావు. హైదరాబాదులో స్త్రీ శక్తి సంఘటన మొదలైంది కూడా 1978లోనే.

నేను మరో చిన్న విషయం ఎత్తి చూపాలనుకుంటున్నాను. ఈ రెండు కేసుల్నీ మనం స్త్రీల పేర్లతోనే పిలుస్తాం. రమీజాబీ కేసు, మథుర కేసు. నల్లకుంట స్టేషన్లో ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళలో ఒక్కడి పేరైనా మనలో ఎంతమందికి తెలుసు? వాళ్ళని తర్వాత ఏ స్టేషనుకి పంపారు, ఎవరికి ప్రమోషన్ వచ్చింది, ఎవరు ఏ హోదాలో రిటైరయ్యారు? మథుర కేసులో అయితే లా రిపోర్టుల్లో తీర్పు పేరు తుకారాం వర్సెస్ మహారాష్ట్ర ప్రభుత్వం. హెడ్ కానిస్టేబుల్ పేరు లాయర్ల పుస్తకాల్లో ఉండిపోయింది, అమ్మాయి పేరు నాలుగు వీధుల్లో తిరిగింది. 1983 సవరణ అత్యాచార బాధితురాలి పేరు అచ్చువేయడాన్ని నేరం చేసింది. అది అవసరమే. కానీ ఆమె పేరుని కప్పిన చట్టం అతని సర్వీసు చరిత్రని తెరవలేదు.

చిత్రమేమిటంటే, ముక్తదర్ కమిషన్ దగ్గర ఏం జరిగిందో మనం ఇవాళ చర్చించుకోగలుగుతున్నాం. ఎందుకంటే విచారణ కమిషన్ల చట్టం కింద వేసిన కమిషన్ నివేదికని, తీసుకున్న చర్యల వివరాలతో కలిపి ఆరు నెలల్లో చట్టసభ ముందు పెట్టాలని 1971 సవరణ చెప్తోంది. ప్రభుత్వాలు ఎంత ఆలస్యం చేసినా ఆ బాధ్యత మాత్రం ఉంది. శాఖాపరమైన విచారణకి ఆ బాధ్యత లేదు. ఛార్జి మెమో ఇస్తారు, సంజాయిషీ తీసుకుంటారు, పైఅధికారి ఒకరు విచారిస్తారు, ఇంక్రిమెంటు కోస్తారు లేదా మందలిస్తారు, ఫైలు మూస్తారు. ఈలోగా అతన్ని 'వీఆర్‌లో పెట్టారు', 'ఎస్పీ ఆఫీసుకి అటాచ్ చేశారు' అని పత్రికల్లో వస్తుంది. ఖాళీ కోసం కూర్చోబెట్టడాన్ని జనం శిక్ష అనుకుంటారు. ఫిర్యాదు చేసిన స్త్రీ ఆ విచారణలో ఒక సాక్షి మాత్రమే. అక్కడ అభియోగం మోపేది శాఖ, తీర్పు చెప్పేదీ శాఖే.

ఈ తలుపుని తెరిచే అవకాశం 2005లో వచ్చింది. సమాచార హక్కు చట్టం 8(1)(జె) క్లాజు వ్యక్తిగత సమాచారానికి రక్షణ కల్పిస్తూనే రెండు కిటికీలు ఉంచింది. ఆ సమాచారానికి ప్రజా కార్యకలాపాలతో సంబంధం ఉంటేనో, విస్తృత ప్రజాప్రయోజనం ఉంటేనో ఇవ్వాలి. పార్లమెంటుకి, శాసనసభకి నిరాకరించలేని సమాచారాన్ని ఏ పౌరుడికీ నిరాకరించకూడదు. ఈ రెండో మాట చదివినప్పుడు నాకు 1855 నివేదికే గుర్తొచ్చింది. చట్టసభ చూడగలిగినదాన్ని చాకలి, కుమ్మరి, కూలి ఎవరైనా చూడవచ్చని మన దేశం రాసుకున్న అపురూపమైన వాక్యం అది.

2012 అక్టోబరులో గిరీశ్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు మొదటి కిటికీని దాదాపు మూసింది. అడిగింది పోలీసు గురించి కాదు, ఒక ప్రావిడెంట్ ఫండ్ అధికారి గురించి. అతనికిచ్చిన మెమోలు, షోకాజ్ నోటీసులు, మందలింపు ఉత్తర్వులు, శిక్షలు కావాలన్నారు. ఉద్యోగి పనితీరు ప్రధానంగా ఉద్యోగికీ యజమానికీ మధ్య వ్యవహారం, సర్వీసు నిబంధనల కిందికి వస్తుంది, కాబట్టి అది వ్యక్తిగత సమాచారమని కోర్టు తేల్చింది. విస్తృత ప్రజాప్రయోజనం ఉందని అధికారి సంతృప్తి చెందితే ఇవ్వవచ్చనే మాట మిగిలింది. 1861 చట్టం ఏడో సెక్షను వెనకాల ఉన్న ఊహే ఇక్కడ మళ్ళీ వినపడుతుంది. ప్రభుత్వోద్యోగికి యజమాని ఎవరన్న ప్రశ్నకి 'ప్రజలు' అన్న జవాబు అక్కడా లేదు, ఇక్కడా లేదు.

ఆ తీర్పు కిందిస్థాయికి ఎలా దిగుతుందో నాకు స్వయంగా తెలుసు. పరిశోధనలో భాగంగా ఒక జిల్లా పోలీసు కార్యాలయానికి దరఖాస్తు పెట్టాను. ఫలానా పదేళ్ళలో స్త్రీలు చేసిన ఫిర్యాదుల మీద ఎన్ని శాఖాపరమైన విచారణలు మొదలయ్యాయి, ఎన్ని పూర్తయ్యాయి, ఏయే రకం శిక్షలు పడ్డాయి అని అడిగాను. ఎవరి పేరూ అడగలేదు. అది వ్యక్తిగత సమాచారమని, ఇవ్వడం కుదరదని రెండు వాక్యాల జవాబు వచ్చింది. పేరే లేని అంకె ఏ వ్యక్తికి సంబంధించిన వ్యక్తిగతం? మనుషుల్ని దాచడంకోసం పెట్టిన క్లాజు అంకెల్ని కూడా దాచడానికి పనికొస్తోంది.

2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని 44వ సెక్షనులోని ఒక చిన్న ఉపక్లాజు సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చేసింది. 2025 నవంబరులో అది అమల్లోకి వచ్చింది. ఇప్పుడా క్లాజులో మిగిలింది వ్యక్తిగత సమాచారం మినహాయింపు అన్న ముక్క మాత్రమే. ప్రజా కార్యకలాపంతో సంబంధం, చట్టసభ పోలిక, రెండూ పోయాయి. హాని కన్నా ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చనే 8(2) సెక్షను ఇంకా ఉంది. కానీ అది అధికారి విచక్షణకి వదిలిన దారి.

ఇదంతా పాలకుల స్వభావం, ఎక్కడైనా ఇంతే అనుకోవడానికి వీల్లేదని షికాగో కథ చెప్తుంది. 2004లో ఒక ప్రభుత్వ గృహసముదాయంలో ఉండే నల్లజాతి స్త్రీ, పోలీసులు పదేపదే తన ఇంట్లో చొరబడి హింసించారని ఫెడరల్ కోర్టులో దావా వేసింది. ఆ దావాలో పోలీసు శాఖ తన ఫిర్యాదుల ఫైళ్ళని ఆమె లాయర్లకి ఇవ్వవలసి వచ్చింది, బయటపెట్టకూడదన్న షరతుతో. ఆమె కేసు రాజీ అయ్యాక కూడా, అక్కడే ఏళ్ళతరబడి పనిచేసిన జేమీ కాల్వెన్ అనే జర్నలిస్టు ఆ ఫైళ్ళు ప్రజలవని పోరాడాడు. ఫెడరల్ అప్పీలు కోర్టులో ఓడిపోయాడు. 2014లో ఇల్లినాయ్ రాష్ట్ర అప్పీలు కోర్టు, పోలీసుల దుష్ప్రవర్తన మీద విచారణ ఫైళ్ళు ప్రజలకి చెందిన రికార్డులేనని తీర్పిచ్చింది. పాత ఫైళ్ళని తగలెయ్యాలని పోలీసు సంఘం వేసిన కేసులో 2020లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా ప్రజల వైపే నిలిచింది. న్యూయార్కులో పోలీసుల సర్వీసు రికార్డుల్ని కప్పిపెట్టిన 50-ఎ సెక్షను 1976 నుంచి ఉంది. జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత 2020 జూన్‌లో దాన్ని రద్దు చేశారు. మద్రాసు పోలీసుల సంగతి 1857లోనే చదివిన నగరం, తన పోలీసుల సంగతి చదవడానికి 2020 దాకా ఆగింది!

కాలిఫోర్నియాలో 2019 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన చట్టం మనకి మరింత దగ్గర. పోలీసు కాల్పులు, తీవ్ర గాయాల ఘటనలతో పాటు, పౌరుల మీద పోలీసు చేసిన లైంగిక దాడి విచారణలో రుజువైతే ఆ రికార్డు బయట పెట్టాలని అది ప్రత్యేకంగా చెప్పింది. ఫిర్యాదు చేసినవాళ్ళ, సాక్షుల పేర్లు మాత్రం కొట్టేసి ఇవ్వాలి. ఆమె పేరు లోపల, అతని ఫైలు బయట. 1872 నాటి ఏర్పాటుని సరిగ్గా తలకిందులు చేసిన వాక్యం ఇది.

ఇక్కడ స్త్రీవాదులుగా మనం తేల్చుకోవలసిన చిక్కు ఒకటి ఉంది. గోప్యత మన హక్కుల్లో ఒకటి. 2017లో పుట్టస్వామి తీర్పు వచ్చినప్పుడు సంతోషించినవాళ్ళలో మనమూ ఉన్నాం. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం పదహారో సెక్షను ఫిర్యాదునీ, విచారణనీ, ఇరుపక్షాల వివరాల్నీ బయటపెట్టకూడదంటుంది. అది ఫిర్యాదు చేసే ధైర్యాన్ని కాపాడుతుందని వాదించినవాళ్ళం. మరి పోలీసు ఫైలు తెరవమని ఎలా అడుగుతాం? పోలీసు శాఖలో కింది మెట్టులో ఉన్న మహిళా కానిస్టేబుళ్ళ సంగతేమిటి? సెలవు దాటి రెండు రోజులు ఉండిపోయినందుకో, పైవాడి మాట కాదన్నందుకో ఆమెకిచ్చిన మెమో కూడా బజారున పడాలా?

పడనక్కర్లేదు. సెలవు, ఆరోగ్యం, కుటుంబం ఉద్యోగి సొంత విషయాలు. ప్రజల మీద ప్రయోగించిన అధికారం ఏ ఉద్యోగికీ సొంత విషయం కాదు. లాఠీ, తుపాకి, లాకప్ తాళంచెవి రాజ్యం అప్పగించినవి. వాటితో చేసిన పని గురించిన కాగితం ఆ మనిషి పడగ్గదిలోది కాదు. 2013 చట్టం పదహారో సెక్షనే చివర ఒక దారి చూపించింది. బాధితురాలి, సాక్షుల గుర్తింపు తెలియకుండా, ఆమెకి దక్కిన న్యాయం గురించిన సమాచారం ప్రచురించవచ్చంది. గోప్యత బలహీనుల గొడుగుగా పుట్టింది. దాన్ని బలవంతుడి గోడగా వాడుకోనివ్వకూడదు.

రుజువు కాని ఫిర్యాదుల్ని బయటపెడితే నిజాయితీపరుల పేరు పోతుందన్న వాదన కూడా వింటాం. అందులో నిజం లేకపోలేదు. అందుకే కాలిఫోర్నియా లైంగిక దాడుల విషయంలో రుజువైన వాటినే తెరిచింది. అలాగని 'రుజువు కాలేదు' అన్న మాటని కూడా ఊరికే నమ్మలేం. రుజువు చెయ్యవలసిన చెయ్యి ఎవరిదో వాకపల్లి చెప్తుంది.

2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలోని వాకపల్లికి గ్రేహౌండ్స్ దళం వెళ్ళింది. పదకొండుమంది కోందు స్త్రీలు తమపై పోలీసులు అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. కేసుని కొట్టెయ్యడానికి ప్రయత్నాలు సుప్రీంకోర్టు దాకా సాగాయి. 2017లో ఆ కోర్టు విచారణ త్వరగా ముగించమంది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులందర్నీ నిర్దోషులుగా విడుదల చేసింది. అదే తీర్పులో, దర్యాప్తు సరిగా చెయ్యలేదని తప్పుపట్టింది, స్త్రీలకి పరిహారం ఇవ్వాలని ఆదేశించింది, దర్యాప్తు అధికారి వైఫల్యాన్ని రాష్ట్రస్థాయి కమిటీ ముందు ఉంచాలంది. నిందితుల్ని గుర్తించే పరేడ్ కూడా జరగని కేసులో 'రుజువు కాలేదు' అంటే, రుజువు చెయ్యలేదు అని అర్థం చేసుకోవాలి. ఆ స్త్రీలు పదహారేళ్ళపాటు కోర్టులకి, కమిషన్లకి, విలేకరులకి తమ ఒంటిమీద జరిగింది చెప్తూనే ఉన్నారు. వాళ్ళని ఊళ్ళో మైలపడ్డవాళ్ళుగా చూసిన సంగతీ లోకానికి తెలుసు. దర్యాప్తు చెయ్యనివాళ్ళ సంగతి దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ శాఖ, మళ్ళీ కమిటీ, మళ్ళీ ఫైలు.

ఈ రహస్యాన్ని మన సాహిత్యం తనకు చేతనైనంత మేరకు బద్దలుకొడుతూనే వచ్చింది. విశాఖ కోర్టుల్లో వకీలుగా పనిచేసిన రావిశాస్త్రి 1960ల్లో 'ఆరు సారా కథలు' రాసినప్పుడు, ఏ సర్వీసు రిజిస్టరులోనూ కనపడని పోలీసు వ్యవహారం అచ్చులోకి వచ్చింది. కానీ కథలో పోలీసుకి పెట్టేది కల్పిత నామం. కథ మనకి స్వభావాన్ని చెప్పగలదు, ఫలానా తేదీన ఫలానా ఉత్తర్వుని చూపించలేదు. రచయితలు చెయ్యగలిగింది చేశారు కదా అని రికార్డు అడగడం మానుకోలేం.

అడగవలసినవి మరీ పెద్ద కోరికలు కావు. స్త్రీల ఫిర్యాదుల మీద జరిగిన శాఖాపరమైన విచారణల లెక్కలు జిల్లాలవారీగా ఏటా ప్రచురించాలి. కస్టడీ హింస, లైంగిక దాడి, దర్యాప్తును పాడుచెయ్యడం, ఈ మూడింటిలో రుజువైన కేసుల తుది ఉత్తర్వులు స్త్రీల వివరాలు తీసేసి బయటపెట్టాలి. ఫిర్యాదు చేసినామెకి తన ఫిర్యాదు ఏమైందో పూర్తి ఉత్తర్వు కాపీతో సహా తెలియాలి. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రస్థాయిలో, జిల్లాస్థాయిలో పోలీసు ఫిర్యాదుల సంస్థలు పెట్టమంది. అలాంటి సంస్థ బోర్డు తగిలించుకుంటే చాలదు, దాని తీర్మానాలు చదవడానికి దొరకాలి.

మద్రాసుకి వెళ్ళిన ఆ రైతుల అర్జీలు అచ్చయ్యాయి కాబట్టే 'చీరట', 'గింజెరి' అనే మాటలు నా దాకా వచ్చాయి. వాకపల్లి స్త్రీల కేసులో దర్యాప్తు ఎందుకు సరిగా జరగలేదో, దానికి ఎవరు ఏం సంజాయిషీ ఇచ్చుకున్నారో ఇంకో నూట డెబ్భై ఏళ్ళకి ఏ పరిశోధకురాలైనా చదవాలంటే, ఆ కాగితం చెద పట్టకముందే, తగలబడకముందే శాఖ బీరువాలోంచి బయటికి రావాలి.